గోడలోకి ఎక్కే మూడు మెట్లు

పాత ఇళ్ళ మరమ్మతు పనిలోకి వచ్చే పిల్లలకు మొదట కొలతలు తీయడం నేర్పుతారు. గోడ మందం, వాసం పొడవు, పెంకుల వాలు, నేల ఎటు వంగింది, ఇవన్నీ. ఈ పని మీరు నాకంటే బాగా చేస్తారు. మీ దగ్గర లేజరు యంత్రాలున్నాయి, మా కాలంలో టేపు చివర పట్టుకోవడానికి మనిషి దొరికితే అదే భాగ్యం. అందుకని కొలతల గురించి నేను మీకు చెప్పేదేమీ లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు బెంగళూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీరుగా బతికాను. బాగుచేసినవాటి ఫోటోలు మా పాత ఆఫీసు గోడమీద ఇప్పటికీ వేలాడుతున్నాయి. పాడుచేసినవాటికి ఫోటోలు లేవు. అలాంటి ఒక ఇంటి గురించి రాస్తాను. జిగణి ఫ్యాక్టరీలు దాటి, ఆనేకల్ కూడా దాటి, తమిళనాడు సరిహద్దు దగ్గర ఉన్న ఒక చిన్న ఊళ్ళో చర్చి పక్కన ఉంది ఆ ఇల్లు. చర్చి పాస్టరు కాపురముండే ఇల్లు. ఊరివాళ్ళు అయ్యగారి బంగళా అంటారు. వందేళ్ళ పైచిలుకు వయసు దానికి.

శేషగిరి సార్ మడతకుర్చీ

ముందు మా బాసు గురించి చెప్పాలి. శేషగిరి సార్ మంచి మనిషి అని నేను అనను. నేను గీసిన ప్లాన్లమీద తన సంతకం పెట్టుకునేవాడు. సైటులో అందరి ముందూ అరిచి, కారులో ఎక్కాక ఏమీ జరగనట్టు టిఫిను ఎక్కడ తిందామని అడిగేవాడు. కానీ ఆయన కారు డిక్కీలో ఎప్పుడూ ఒక మడతకుర్చీ ఉండేది. ఏ పాత ఇంటి పని ఒప్పుకున్నా, టేపు తీసేముందు ఆ ఇంట్లో ఒక రోజంతా ఆ కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పొద్దున పాలు వచ్చే వేళనుంచి దీపాలు పెట్టే వేళదాకా. ఏమీ రాయకూడదు, ఊరికే చూడాలి.

నాకు అది చాదస్తంగా ఉండేది. ఒకసారి బెంగళూరు నగర్తపేటలో, నేను పుట్టిపెరిగిన వీధికి రెండు వీధుల అవతల, ఒక ఇంటి గోడ బీటలు వారింది. పునాది కుంగిందని ముగ్గురు ఇంజనీర్లు తేల్చేశారు. శేషగిరి సార్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదకొండింటికి పక్కింటి మేడమీద అద్దెకున్నవాళ్ళ చిన్న ప్రెస్సు మిషను మొదలైంది. దాని ప్రతి దెబ్బకూ ఈ ఇంటి గోడమీది క్యాలెండరు కదిలింది. ఆ గోడ రెండిళ్ళకూ ఉమ్మడి గోడ. పునాది శుభ్రంగా ఉంది. ఆ రోజు ఆయన్ని మెచ్చుకున్నాను, అయినా కుర్చీ పాఠం నాకు పూర్తిగా ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

నేను కూర్చోని రోజు

అయ్యగారి బంగళా పని వచ్చేసరికి శేషగిరి సార్ మంచాన పడ్డాడు. ఇప్పటికి ఇరవై ఆరేళ్ళయింది. పని మొత్తం నా చేతికి వచ్చింది. నా సంతకం నేనే పెట్టుకోవచ్చు. ఆ సంబరంలో మడతకుర్చీ సంగతి ఎవరికి గుర్తుంటుంది? మిట్టమధ్యాహ్నం జీపు దిగి, రెండు గంటల్లో కొలతలు ముగించుకుని వచ్చేశాను.

ఇల్లు మాత్రం చక్కనిది. మోకాలెత్తు రాతి పునాది, దానిమీద రెండడుగుల మందం మట్టి ఇటుక గోడలు, సున్నపు పూత, మంగళూరు పెంకుల కప్పు. ముందు వసారా, దాని అంచున చెక్కపట్టీలతో అల్లిన జాలీ. మధ్యలో హాలు, పైన తాడు లాగితే తెరుచుకునే గాలికిటికీలు. వంటిల్లు వేరుగా, వెనక. ఇవన్నీ ఆ కాలపు బంగళాలు అన్నింట్లో ఉంటాయి. ఈ ఇంట్లో వేరుగా ఉన్నదొక్కటే. వసారా చివర, చర్చి వైపు, ఒక చిన్న గది. దాన్ని ఆఫీసు గది అనేవాళ్ళు. దానికి ఇంట్లోకి ఒక తలుపు, బయటికి ఒక తలుపు. బయటి తలుపు ముందు మూడు రాతి మెట్లు, వెడల్పుగా, ఎత్తు తక్కువగా. ఆ తలుపు రోడ్డుమీదికి కనబడదు, చర్చి గోడ అడ్డం వస్తుంది. దానికి లోపల గడియ కూడా లేదు. గదిలో ఒక పెద్ద టేకు బీరువా, ఒక బల్ల, కిటికీ వైపు తిప్పి వేసిన కుర్చీ. కుర్చీ వచ్చినవాళ్ళకు వీపు పెట్టి ఉందేమిటని నవ్వుకున్నాను.

అప్పుడు ఆ ఇంట్లో ఉన్నది దేవదానం అయ్యగారు. వయసులో చిన్నవాడు, అదే ఆయనకు మొదటి ఊరు. భార్య, ఇద్దరు పసిపిల్లలు. గడియలేని తలుపు చూసి నాకు ఆయన భార్య మీద జాలి కలిగింది. ఎవరు పడితే వాళ్ళు లోపలికి వచ్చేయరా? పైగా చెదపురుగు ఆ తలుపు చట్రాన్ని పట్టింది. తలుపు తీసేసి ఆ ఖాళీని సిమెంటు దిమ్మెలతో మూసేయమని రాశాను.

దేవదానం అయ్యగారు ప్లాను చూసి, "జనం ఈ తలుపు గుండానే వస్తారమ్మా" అన్నాడు.

ముందు తలుపు పెద్దదే ఉంది కదా, అటునుంచి వస్తారులెండి అన్నాను. చర్చి ఆస్తులు చూసే ట్రస్టు పంపిన ఇంజనీరును నేను, ఆయన ట్రస్టు వేసిన పాస్టరు. ఆయన ఎంతవరకు అనగలడో అంతవరకే అన్నాడు. ఆ ఒక్క మాట వినడానికి నాకు చెవులు లేకపోయాయి.

ఇందులో నా పెంపకం తప్పు కూడా ఉంది, దాచుకోవడమెందుకు. మాది నగర్తపేటలో జరీ వ్యాపారం చేసే ఇల్లు. మా ఇళ్ళలో పురోహితుడు మన గడపకు వస్తాడు. కబురు పెడితే వస్తాడు, పూజ చేయించి, భోంచేసి వెళ్తాడు. మనిషి తన బాధ పట్టుకుని పురోహితుడి ఇంటికి పోవడం నేను పుట్టాక చూడలేదు. మా పురోహితుడి ఇల్లెక్కడో కూడా నాకు తెలియదు. అందుకే ఆ గది నాకు లెక్కలు రాసుకునే గదిలా కనబడింది, ఆ తలుపు దండగగా కనబడింది.

మునెప్ప మాట

అదే పనిలో ఇంకో తప్పు చేశాను. గోడల అడుగున సున్నపు పూత పెళ్ళలుగా రాలుతోంది. లోపలా బయటా సిమెంటు పూయమని చెప్పాను. త్వరగా అవుతుంది, నున్నగా ఉంటుంది, ట్రస్టువాళ్ళు మెచ్చుకుంటారు.

మేస్త్రీ మునెప్పది ఆనేకల్ పక్క ఊరు, తాతల కాలంనుంచి సున్నం పనివాళ్ళు. చెప్పింది విని, తాపీ కింద పెట్టాడు. "నీళ్ళు లోపలికి పోయే దారి మనం ముయ్యలేమమ్మా. భూమిలోనించి ఎక్కుతానే ఉంటాది. సిమెంటు పూస్తే అది బయటికొచ్చే దారి మూసినట్లే. మట్టిగోడ లోపలే నానతాది" అన్నాడు.

నేను చదువుకున్నదాన్ని, ఆయన చదువుకోలేదు. ఆయన చెప్పింది నాకు పుస్తకంలో దొరకడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ప్లానులో ఉన్నట్టు చెయ్యి మునెప్పా అన్నాను. సరేనమ్మా అన్నాడు. మేస్త్రీ సరేనమ్మా అని తలవంచుకుంటే అక్కడే ఆగి, ఇంకోసారి అడగండి. ఆ మాటకు అర్థం ఒప్పుకున్నానని కాదు.

మళ్ళీ ఆ ఊరికి

రిటైరయ్యే సంవత్సరం ట్రస్టు కార్యదర్శి ఫోను చేశాడు. బంగళా గోడలు కుళ్ళిపోయాయట, ఉండడానికి పనికిరాదని నివేదిక ఇస్తే పడగొట్టేస్తారట. కొత్త పాస్టరుకు ఆనేకల్‌లో ఒక అద్దె ఫ్లాటు చూస్తారు, ఆదివారం ఆదివారం వచ్చి ఆరాధన జరిపించి వెళ్తాడు. ఇప్పుడున్న పాస్టరు ఇంకో రెండు నెలల్లో విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆయనే నా పేరు చెప్పాడట, ఆ ఇల్లు తెలిసిన మనిషి అని.

ఆ పాస్టరు దేవదానం అయ్యగారే. నాలుగైదు ఊళ్ళు తిరిగి, చివరి మూడేళ్ళకు ఆ ఊరే కావాలని అడిగి వేయించుకున్నాడట. భార్య పోయింది. పిల్లలిద్దరూ కోలారు వైపు టీచర్లు. నేను వెళ్ళేసరికి వసారాలో ఒక్కడే ఉన్నాడు, జుట్టంతా తెల్లబడి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

ఇంటి పక్కకు వెళ్ళి చూశాను. మూడు రాతి మెట్లు అలాగే ఉన్నాయి, గోడలోకి ఎక్కుతూ. వాటిమీద ఎవరో పూలకుండీలు పెట్టారు. మెట్ల పైన గోడమీద తడి మరక. నేను మూయించిన తలుపు కొలతలో, పైన కమాను వంపుతో సహా, సిమెంటు దిమ్మెల చుట్టూ తడి గీత గీసినట్టు తేలింది. ఇరవై ఆరేళ్ళ కిందట చెరిపేశాననుకున్న తలుపు వాన పడినప్పుడల్లా గోడమీదికి వస్తోంది.

ఈసారి మడతకుర్చీ పద్ధతి పాటించాను. రోజంతా ఆ ఆఫీసు గదిలో కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. సాయంత్రం పాలమనిషి ముందు తలుపు దగ్గర గిన్నె పెట్టి వెళ్ళిపోయింది. ఎర్రనేల రెండు చోట్ల మాత్రం అరిగి గుంటలు పడి ఉంది, కుర్చీ కింద ఒకటి, పాత తలుపుకూ కుర్చీకీ మధ్య ఒకటి. ఆ రెండో గుంటలో ఎందరు కూర్చుని ఉంటారో నేను ఊహించుకున్నాను.

కుర్చీ కిటికీ వైపు ఎందుకుందని ఇప్పుడు అడిగాను. అప్పుడే అడగాల్సిన ప్రశ్న.

"మొగం చూసి ఏమైందని అడిగితే ఎవురూ చెప్పరమ్మా" అన్నాడు. "నాకు ముందున్న అయ్యగారు నేర్పించినారు. వచ్చినోళ్ళకి నీళ్ళిచ్చి, కిటికీ తట్టు చూస్తా కూచోవాల. ఏమీ అడగకూడదు. వాళ్ళే చెప్తారు. పొద్దు పుట్టకముందే వచ్చేటోళ్ళు. మొగుడు కొట్టిన ఆడోళ్ళు, తాగుడు మానాలనుకున్నోళ్ళు. మన చర్చి వాళ్ళే కాదు, ఊళ్ళో అందరూ."

ఇప్పుడు రారా అని అడిగాను.

"ముందు తలుపు కాడికి వస్తే రోడ్డు మీదోళ్ళందరికీ కనపడతాది కదమ్మా. కడుపులో బాధ పెట్టుకోని హాల్లో సోఫాలో కూచోని కాఫీ తాగేదానికి ఎవురొస్తారు?" అన్నాడు. "ఇంత పెద్ద ఇంట్లో నా దగ్గు నాకే ఇనపడతాది. బేజారుగా ఉండాది. అయినా నాదేముంది, రెండు నెలలు. రాబోయే పాస్టరు ఈ ఊళ్ళోనే పండుకోవాల, అంతే నేను కోరేది. ఆదివారం వచ్చిపోయేటోనికి ఎవురూ ఏమీ చెప్పరు."

ఆ తలుపు మీరే మూయించారని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

బీరువా వెనక

తడికి కారణం నాకు తెలుసు. నిరూపించడం ఎలా? నేలలో నీరు పెరిగిందనో, ఇటుక వయసైపోయిందనో ఎవరైనా అనవచ్చు, అవీ తీసిపారేసే మాటలు కావు. మునెప్పకు కబురు పెట్టాను. డెబ్బై దాటిన మనిషి, బస్సు దిగి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. గోడంతా అరచేత్తో తడుముకుంటూ తిరిగాడు. ఆఫీసు గదిలో టేకు బీరువా దగ్గర ఆగాడు.

"దీని ఎనక నేను సిమెంటు పుయ్యలేదమ్మా. లోపలా సున్నమే, బయట కట్టెల కొట్టం ఉండాది చూడు, ఆ పక్కా సున్నమే. మీకు చెప్పలేదు. చెప్తే ఆ సున్నమూ కొట్టించేస్తారని" అన్నాడు.

చర్చి పక్క ఇళ్ళనుంచి నలుగురిని పిలిచి బీరువా జరిపించాం. వెనక గోడ తెల్లగా, గట్టిగా, పొడిగా ఉంది. అక్కడినుంచి రెండు బారల దూరంలో అదే గోడ వేలు పెడితే దిగబడుతోంది. అదే నేల, అదే వాన, అదే ఇటుక. నా కళ్ళు పడని చోటల్లా ఆ ఇల్లు బాగుంది.

నేను నవ్వేశాను, మునెప్ప కూడా నవ్వాడు. నా ఆజ్ఞ ధిక్కరించినందుకు ఒక మనిషికి దండం పెట్టాలనిపించింది అదే మొదటిసారి. పెట్టాను కూడా.

ఆఖరి నివేదిక

నివేదికలో ఒక వాక్యం రాశాను. ఈ గోడల తడికి కారణం ఇంటి వయసు కాదు, ఇరవై ఆరేళ్ళ కిందట ఈ నివేదిక రాస్తున్న వ్యక్తే చేయించిన మరమ్మతు. మా ఆఫీసు ఇప్పటి యజమాని, శేషగిరి సార్ కింద నా తర్వాత చేరినవాడు, ఆ వాక్యం తీసేయమన్నాడు. గతంలో జరిగిన మరమ్మతులు అంటే చాలు కదా మేడమ్ అన్నాడు. చాలదు అన్నాను. పేరు లేని తప్పును అందరూ ఇంటిమీదికే తోస్తారు. ఆ తర్వాత ఆ ఆఫీసునుంచి నాకు పిలుపు రాలేదు. అదే నా ఆఖరి నివేదిక అయింది.

ట్రస్టు కార్యదర్శి తెలివైనవాడు. "అప్పుడు మీరు చెప్పింది నమ్మాం. తప్పని ఇప్పుడు మీరే అంటున్నారు. మరి ఇప్పుడు చెప్పేది ఎందుకు నమ్మాలి?" అని అడిగాడు. నా ముప్పై ఎనిమిదేళ్ళలో నన్నెవరూ ఇంత సరైన ప్రశ్న అడగలేదు. నన్ను నమ్మొద్దు, వచ్చి గోడమీద చెయ్యి పెట్టండి అన్నాను. వచ్చాడు. బీరువా వెనక ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి పెట్టాడు. ఒక చేతిని జేబురుమాలుతో తుడుచుకున్నాడు. ఇల్లు పడగొట్టరు, సిమెంటు తీసి సున్నం పూస్తారు, నేను మూయించిన తలుపు తెరుస్తారు, కొత్త పాస్టరు అక్కడే ఉంటాడు అని రెండు వారాలకు ఉత్తరం వచ్చింది.

ముందుగా ఆఫీసు గది పని ఎత్తుకున్నారు. మునెప్ప కుర్చీలో కూర్చుని చెబుతుంటే కుర్రమేస్త్రీలు దిమ్మెలు పగలగొట్టారు. పాత తలుపు చర్చి వెనక సామాన్ల గదిలో దొరికింది. చట్రం కొత్తది చేయించాం. అలవాటు కొద్దీ గడియ ఎక్కడ పెట్టాలని అడిగాను. దీనికి గడియ ఎప్పుడూ లేదమ్మా అన్నాడు అయ్యగారు. పూలకుండీలు తీసి మెట్లు ఆయనే కడిగాడు.

తెరిచిన తలుపు

ఇక్కడితో ఆపేస్తే నాకు మంచి పేరు వచ్చే కథే. కానీ తలుపు తెరిచినంతమాత్రాన మనుషులు రారు. రెండు వారాల తర్వాత ఫోను చేసి ఎవరైనా వచ్చారా అని అడిగాను. లేదమ్మా, అలవాటు తప్పినారు, అన్నాడు. తాను మాత్రం తెల్లారకముందే లేచి ఆ కుర్చీలో కూర్చుంటున్నాడట. ఆయన వెళ్ళిపోవడానికి ఇంకో నెల కూడా లేదు. ఆ గొంతులో నిందేమీ లేదు.

నా సంగతి కూడా రాయాలి. నేను పెళ్ళి చేసుకోలేదు, దానికి పెద్ద కథేమీ లేదు. వైట్‌ఫీల్డ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు. ఎవరైనా రావాలంటే కింద గేటులో పేరు చెప్పాలి, నా ఫోనుకు అడుగుతూ మెసేజి రావాలి, నేను సరే అనాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇది నాకు చాలా నచ్చింది. రిటైరయ్యాక సరే అనడానికి ఎవరూ లేరు. సరుకులు తెచ్చేవాడు సంచి గుమ్మంలో పెట్టి, నేను తలుపు తీసేసరికి లిఫ్టులో ఉంటాడు. కొన్ని రోజులు సాయంత్రం అయ్యేసరికి, ఈ రోజు నేను నోరు తెరిచి మాట్లాడానా అని గుర్తుచేసుకోవాల్సి వచ్చేది. ఇళ్ళ గురించి అంత తెలిసినదాన్ని, నా ఇంటికీ మనుషులొచ్చే దారి లేదని నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక రోజు వేకువనే కారు తీశాను. సున్నపు పూత ఎలా ఆరుతోందో చూడాలని నాకు నేను చెప్పుకున్నాను. దారిలో అసలు సంగతి ఒప్పుకుని, క్షమించమని ఎలా అడగాలో మాటలు కూర్చుకున్నాను. మీ దగ్గరికి రావాల్సినవాళ్ళను ఇరవై ఆరేళ్ళు నేను ఆపాను అయ్యగారూ, అని మొదలుపెట్టాలి. ఆనేకల్ దాటేసరికి వాన పట్టుకుంది. చర్చి దగ్గర కారు ఆపి ముందు తలుపు వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగాను. చర్చి గోడ పక్కగా నడిచి మూడు మెట్లు ఎక్కాను. తలుపు తోస్తే తెరుచుకుంది.

దేవదానం అయ్యగారు కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి పలకరించలేదు. ఇంత పొద్దున్నే ఏమిటమ్మా అనలేదు. లేచి స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాడు. మళ్ళీ ఆ కుర్చీలో, కిటికీ వైపు తిరిగి, బయట వాన చూస్తూ కూర్చున్నాడు. నేను నేలమీద, అరిగిన ఆ రెండో గుంట పక్కన కూర్చున్నాను. నీళ్ళు తాగాను. కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. చివరికి నోటికి వచ్చింది నగర్తపేటలో మా ఇంట్లో మాట్లాడుకునే యాస.

"ఇంటికి పోబుద్ధి కాలే అయ్యగారూ."

ఆయన తల తిప్పలేదు. "కూచోమ్మా. వాన నిలిచేదాకా కూచో" అన్నాడు.

కాసేపటికి వాన నిలిచింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.